నాగవేణి పెట్టిన షరతు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడాది వేసవిలో నన్ను ప్రొద్దుటూరు ప్రభుత్వాసుపత్రికి, ప్రసూతి విభాగంలో సివిల్ సర్జన్‌గా బదిలీ చేశారు. మా శాఖలో చేరినప్పుడు అసిస్టెంట్ సర్జన్, చాలా ఏళ్ల తర్వాత డిప్యూటీ, ఆ పైన సివిల్ సర్జన్. ఆ హోదా చేతికందేసరికి మనిషికి కళ్లజోడు మారుతుంది, మోకాళ్లు మొరాయిస్తాయి. పదవీ విరమణకు ఇంకా కొన్నేళ్లే ఉన్నాయి. వారానికొక రోజు పులివెందుల ఆసుపత్రికి వెళ్లి అక్కడి డాక్టర్లకు కష్టమనిపించిన కేసులు చూడటం కూడా నా విధుల్లోకి చేర్చారు. చేసిన కాన్పులకు లెక్క పెట్టుకోలేదు. ఎవరైనా ఒక్క కేసు చెప్పమంటే మాత్రం నేను చెప్పేది నాగవేణి గురించే.

నాగవేణిది పులివెందుల దగ్గర పల్లె. జమ్మలమడుగులో మెట్టింది. భర్త సుబ్బరాయుడు బండల ఫ్యాక్టరీలో నాపరాళ్లకు నునుపు పట్టే పని చేసేవాడు. ఆమె జమ్మలమడుగు, పులివెందుల మధ్య తిరిగే బస్సులో కండక్టరు. అప్పటికి ముప్పై దాటలేదు. ఒక ఆడపిల్ల ఉంది, బడికి పోతోంది. రెండో కాన్పుకు ఐదో నెల నడుస్తుండగా, నేను పులివెందులలో ఉన్న రోజు ఓపీకి వచ్చింది. డ్యూటీ మధ్యలో దిగినట్టుంది, ఖాకీ చొక్కా విప్పి చేతి మీద వేసుకుని, నిలబడే మాట్లాడింది.

"మేడమ్, నెలన్నర నుంచి అప్పుడప్పుడు ఎర్రగా కనపడతాండాది. రెండు చోట్ల చూపించినా. బస్సులో నిలబడే ఉద్యోగం కదా, అట్లే అయితాది, మంచం దిగొద్దు అన్న్యారు. దిగకుండా పండుకున్యా. అయినా పోలే. సెలవైపోయి మళ్లీ బస్సెక్కినా."

గర్భిణికి రక్తస్రావమైతే ఎక్కువమంది గర్భం నిలవదేమోనన్న భయంతోనే చూస్తారు. స్కాన్ తీసి బిడ్డ గుండె కొట్టుకుంటోందంటే ఊరుకుంటారు. లోపలి పరీక్ష చేస్తే గర్భం కదిలిపోతుందని మా వాళ్లలోనూ కొందరికి జంకు. మాయ కిందికి జారి లేదని స్కాన్‌లో తేలాక ఆ జంకుకు అర్థం లేదు. స్పెక్యులం అనే పరికరంతో లోపల విడదీసి, దీపం పెట్టి గర్భాశయ ముఖద్వారాన్ని కళ్లారా చూడవచ్చు. నిమిషం కూడా పట్టదు. నేను చూశాను. ముఖద్వారం ముందు పెదవి మీద గోబిపువ్వులా పిగిలిన చిన్న కండ ఉంది. దూది తాకగానే రక్తం చిమ్మింది.

ఆ రోజు నా పక్కన డాక్టర్ హరిత ఉంది, అక్కడ కొత్తగా చేరిన అసిస్టెంట్ సర్జన్. ఆ అమ్మాయి నా ముఖం చూసింది, నేను ఆమె ముఖం చూశాను. ఇద్దరం ఏమీ అనలేదు. గర్భిణికి అక్కడ ముక్క తీస్తే రక్తం ఆగుతుందా అని హరిత పక్కకు పిలిచి అడిగింది. మామూలుకంటే ఎక్కువే పోతుంది, గాజుగుడ్డ గట్టిగా కూరి ఒత్తిపెడితే ఆగుతుంది అన్నాను. గోరంత ముక్క తీసి పరీక్షకు పంపాం. రక్తం ఆగేదాకా నాగవేణి పళ్లు బిగించి పైకప్పు చూస్తూ పడుకుంది. లేచాక ఒకటే అడిగింది.

"మీరిద్దరూ మాట్లాడుకోకుండా చూసుకున్యారే, అదేంది మేడమ్?"

ముక్క పరీక్షలో తెలుస్తుంది, తెలిశాక నీకే ముందు చెబుతాను అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను.

రిపోర్టు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని వచ్చింది. ఆమెకు చెప్పేముందు తిరుపతిలో పెద్దాసుపత్రిలో పనిచేసే ప్రసూనకు ఫోన్ చేశాను. నాతో కలిసి చదివింది, ఆడవాళ్ల క్యాన్సర్లకు ఆపరేషన్ చేయడంలో ప్రత్యేక శిక్షణ పొందింది. కాలేజీలో నాకంటే తక్కువ మాట్లాడేది, నాకంటే ఎక్కువ చదివేది. ఎమ్మారై స్కాన్, రంగుమందు ఎక్కించకుండా తీయాలి, పంపించు అంది. ఇంకొక పరీక్ష మిగిలింది, అది చూశాక మొత్తం నీకే ముందు చెబుతాను అని నాగవేణిని పంపాను. పైకి చిన్నగా కనిపించినా, స్కాన్‌లో కణితి నిమ్మకాయంత ఉంది. ముఖద్వారం దాటి బయటికి పాకలేదు, లింఫ్ గ్రంథులకు చేరినట్టు కనిపించలేదు. క్యాన్సర్‌కు దశలు కడతారు. ఇది మొదటి దశలోనే, కానీ ఆ దశ చివరి అంచున ఉంది. చేతిలో ఉన్న రోగమే, అయితే వదిలేస్తే చేయి దాటుతుంది.

నాగవేణి భర్తను, అత్తను వెంటబెట్టుకుని వచ్చింది. అత్త లక్ష్మీదేవమ్మ పొలం పనులు చేసి ఎండిన మనిషి, గట్టి గొంతు. చెప్పిన మాట ప్రకారం ముందు నాగవేణిని ఒక్కదాన్నే లోపలికి పిలిచి చెప్పాను. ఆమె కాసేపు తన అరచేతులు చూసుకుంది. అక్కడ టికెట్ మిషను పట్టుకుని కాయలు కాచాయి.

"బిడ్డకు సోకిందా?"

"లేదు. సోకదు కూడా."

"అయితే ఇంగ వాళ్లను పిలవండి. మళ్లీ నేను చెప్పలేను, మీరే చెప్పండి."

ముగ్గురికీ రెండు దారులు చెప్పాను. ఒకటి, ఇప్పుడే ఆపరేషన్. గర్భసంచి తీసేయాలి, బిడ్డ దక్కదు. రెండోది, బిడ్డ బయట బతకగలిగే నెల దాకా ఆగడం. ఊరికే ఆగితే కణితి పెరుగుతుంది కాబట్టి, పెరగకుండా కీమో మందు మూడు వారాలకొకసారి ఎక్కించడం. తర్వాత ఒకే ఆపరేషన్‌లో బిడ్డను తీసి, గర్భసంచీ తీసేయడం. రేడియేషన్ ఇవ్వడానికి లేదు, అది బిడ్డను చంపేస్తుంది. ఏ దారైనా ఇక ముందు కాన్పు ఉండదు. రెండో దారిలో నడిచినవాళ్లు దేశంలో తక్కువ, అందుకని నేను ధీమాగా చెప్పగలిగింది తక్కువ. అదీ చెప్పాను.

ఇలాంటి చోట అత్తగార్లు బిడ్డ పక్షాన, పుట్టింటివాళ్లు కూతురి పక్షాన మాట్లాడటం నాకు అలవాటు. లక్ష్మీదేవమ్మ ఆ అలవాటును తలకిందులు చేసింది.

"బిడ్డ సంగతి ఇడిసిపెట్టండమ్మా. ఈ పిల్ల ముఖ్యం మాకు. ఇయ్యాలే తీసేయండి. ఉండే మనవరాలు చాలు."

సుబ్బరాయుడు భార్య వైపు తిరిగాడు. నాగవేణి అత్త మోచేయి మీద చేయి వేసింది.

"అత్తా, నువ్వు కొంచెంసేపు ఊరికే ఉండు. మేడమ్, నేను ఆగితే నా పానానికి ఎంత ఎచ్చు ప్రమాదమో సరిగ్గా చెప్పండి."

"మందుకు కణితి లొంగితే ఎక్కువ తేడా ఉండదని అనుకుంటున్నాం. లొంగకపోతే నువ్వు నష్టపోతావు. రాసిమ్మంటే రాసివ్వలేను."

"లొంగిందో లేదో ఎప్పుడు తెలుస్తాది?"

"రెండుసార్లు మందు ఎక్కించాక మళ్లీ స్కాన్ తీస్తే తెలుస్తుంది."

ఆమె ఆలోచించి చెప్పింది. బస్సులో స్టేజీలు చెప్పినట్టే చెప్పింది.

"అయితే ఆ రెండు ఎక్కించుకుంటా. గడ్డ తగ్గితే బిడ్డను మోస్తా. తగ్గకపోతే మీరు ఒక్క దినం గూడా ఆగాకండి, తీసేయండి. ఆ పొద్దు నేను ఏడ్చినా, వద్దని కాళ్లు పట్టుకున్యా ఇనాకండి. ఇంటికాడ నాకు ఇంకో బిడ్డ ఉంది. దానికి అమ్మ కావల్ల."

క్యాన్సర్ ఆసుపత్రుల్లో ట్యూమర్ బోర్డు అని ఉంటుంది. ఆపరేషన్ చేసేవాళ్లు, మందు ఇచ్చేవాళ్లు, రేడియేషన్ ఇచ్చేవాళ్లు, ప్రసూతి డాక్టర్లు ఒకచోట కూర్చుని కేసు తేలుస్తారు. తర్వాతి వారం తిరుపతిలో బోర్డు కూర్చుంది, నేనూ వెళ్లాను. చాలాసేపు చర్చించి వాళ్లు తేల్చింది సరిగ్గా నాగవేణి చెప్పిందే. ప్రసూన ఆ షరతు విని, ఆ అమ్మాయి ఏం చదివింది అని అడిగింది. ఇంటర్ అన్నాను.

మొదటి మూడు నెలల్లో కీమో ఇస్తే బిడ్డ అవయవాలు దెబ్బతింటాయి. ఐదో నెలకు అవి ఏర్పడి ఉంటాయి, ఇక పెరగడమే. మాయ కూడా మందును కొంత అడ్డుకుంటుంది. అందుకే ఇవ్వగలం. అయినా ప్రతిసారి ముందు స్కాన్ తీసి బిడ్డ ఎదుగుదల, ఉమ్మనీరు చూస్తారు, తల్లి రక్తకణాలు చూస్తారు, తర్వాతే సూది. తిరుపతిలో మందు, మధ్యలో ప్రొద్దుటూరులో నా దగ్గర పరీక్షలు. మొదటిసారి వాంతులతో వారం లేవలేదు. రెండోసారికి జుట్టు రాలింది. లక్ష్మీదేవమ్మ ఊడిన వెంట్రుకలు కోడలి కంట పడకుండా చాప దులిపేదట. నాగవేణి ఒకరోజు సుబ్బరాయుడితో గుండు గీయించుకుని వచ్చింది. గండి ఆంజనేయస్వామికి మొక్కు అని అందరికీ చెప్తాండా, మీరు గూడా అదే చెప్పండి అంది.

రెండు విడతలయ్యాక స్కాన్ తీశారు. కణితి సగానికి సగం తగ్గింది. ప్రసూన ఫోన్‌లో అంకెలు చదివి, ఆఖరున బాగుంది అంది. ఆమె నోట ఆ మాట అరుదు.

చిక్కు అప్పుడు వచ్చింది. తల్లి చూడాలనుకుంటోందని నాగవేణి పుట్టింటికి వెళ్లింది. మూడో విడతకు తిరుపతి చేరాల్సిన రోజు చేరలేదు. ఫోన్ చేస్తే సుబ్బరాయుడు ఎత్తాడు. వాళ్లన్న పంపను అంటాండాడు మేడమ్, నేను పోయి అడిగితే కొట్టేటట్టుండాడు అన్నాడు. నేను పులివెందుల వెళ్లే రోజు మర్నాడే. ఓపీ ముగించుకుని, అక్కడి నర్సును దారి అడిగి, ఆ పల్లెకు వెళ్లాను. సర్కారు డాక్టర్లు ఇళ్లకు వెళ్లే వాడుక లేదు. వెళ్లకూడదన్న నిబంధన కూడా నాకెక్కడా కనిపించలేదు.

ఇల్లు బత్తాయిలు కాసే చీనీతోట అంచున ఉంది. నేను వెళ్లేసరికి లక్ష్మీదేవమ్మ అప్పటికే వరండాలో కూర్చుని ఉంది. పొద్దున బస్సుకే జమ్మలమడుగు నుంచి వచ్చిందట. నాగవేణి అన్న శివశంకర్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్ల రైతు, మర్యాదగా కుర్చీ వేశాడు, నీళ్లిచ్చాడు, తర్వాత నిర్మొహమాటంగా మాట్లాడాడు.

"మేడమ్, మీరు పెద్దోళ్లు. కడుపుతో ఉండేదానికి ఆ మందు ఎక్కించేది యాడన్నా చూసినారా? మా నాయనకు గొంతు క్యాన్సరొస్తే ఇట్లే ఎక్కించినారు. మూడోదానికి మనిషి లేడు. నా చేతులతో మోసుకొచ్చినా. ఇప్పుడు చెల్లెల్ని గూడా పంపీమంటారా?"

 అతను మొండివాడు కాదు, ఒకసారి చూసిన మనిషి. నాకంటే ముందు లక్ష్మీదేవమ్మ అందుకుంది.

"శంకరప్పా, ఈ పని వద్దే వద్దని మొదట చెప్పిందే నేను. కావల్లంటే ఈ మేడమ్‌ను అడుగు. ఇప్పుడు సగం దారికొచ్చినాం. ఈడ నిలబెడితే గడ్డ మళ్లీ లేస్తాది, అప్పుడు తల్లీ ఉండదు, బిడ్డా ఉండదు. నా కొడుకు మాట ఇనవు. నా మాటన్నా ఇను."

లోపలి గడపలో నాగవేణి వచ్చి నిలబడింది. తలకు కొంగు కప్పుకుంది, బుగ్గలు లోతుకు పోయాయి, కడుపు మాత్రం ముందుకు వచ్చింది. అన్న వైపు చూసి నిదానంగా చెప్పింది.

"అన్నా, నాయనకు ఆ మందు పట్టలే. కాబట్టి పోయినాడు. నాకు పట్టింది, గడ్డ సగమైంది. పట్టకపోయింటే నేనే ఇడిసిపెట్టింటి, ముందే చెప్పినా వీళ్లకు. నువ్వు నాయన్ను చూసి నాకు భయపడతాండావు. నన్ను చూసి భయపడు, అప్పుడు తెలుస్తాది నేను బాగుండానని."

శివశంకర్ స్తంభం వదిలి నా దగ్గరకు వచ్చాడు. రెండు ప్రశ్నలు అడిగాడు. ఆలస్యమైనందుకు ఏమైనా నష్టమా? కొన్ని రోజులే కాబట్టి సర్దుకోవచ్చు అన్నాను. మందు ఎక్కించేటప్పుడు పక్కన కూర్చోనిస్తారా? నేను చెప్తాను అన్నాను. మరునాడు తన జీపులోనే చెల్లెల్ని, లక్ష్మీదేవమ్మను ఎక్కించుకుని తిరుపతి వెళ్లాడు. అప్పటి నుంచి ప్రతి విడతకూ అతనే తీసుకెళ్లాడు. వాంతి వచ్చినప్పుడు గిన్నె పట్టింది కూడా అతనేనని ప్రసూన చెప్పింది.

ఆఖరి విడత తర్వాత మూడు వారాలు ఆగాలి. మందు వల్ల తల్లికీ, కడుపులోని బిడ్డకూ రక్తకణాలు తగ్గి ఉంటాయి, అవి కోలుకునేదాకా కోత పెట్టకూడదు. ఎనిమిదో నెల నిండేదాకా ఆగి, బిడ్డ ఊపిరితిత్తులు బలపడటానికి సూదులు ఇచ్చి, రోజు నిర్ణయించారు. సిజేరియన్ నువ్వు చెయ్యి, తర్వాతది నేను చూసుకుంటాను అంది ప్రసూన. నా పై అధికారి అనుమతి తీసుకుని వెళ్లాను.

మామూలు సిజేరియన్‌లో గర్భసంచి కింది భాగంలో అడ్డంగా కోస్తాం. ఇక్కడ కింద కణితి ఉంది, అటు కత్తి పోకూడదు. అందుకని పైభాగంలో నిలువుగా కోయాలి. అది పాత పద్ధతి, రక్తం ఎక్కువ పోతుంది, నేను చేసి చాలా ఏళ్లయింది. ఆడపిల్ల పుట్టింది. చిన్నదే, కానీ పిల్లల డాక్టరు చేతిలోకి వెళ్లకముందే ఏడ్చింది. మత్తు వెన్నుకిచ్చారు కాబట్టి నాగవేణికి తెలివి ఉంది. ఎవరు అని అడిగింది. అమ్మాయి అన్నాను. తలమీద వెంట్రుకలుండాయా అంది. ఒత్తుగా ఉన్నాయి అన్నాను. నాకంటే నయమే అని కళ్లు మూసుకుంది. ఆ తర్వాత మత్తు డాక్టరు ఆమెను పూర్తిగా నిద్రపుచ్చాడు.

మిగతా గంటలు నేను ప్రసూనకు సహాయకురాలిని. ఆ ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు దాన్ని పట్టుకుని ఉండే కణజాలమంతా, పొత్తికడుపు గ్రంథులన్నీ తీయాలి. వాటి మధ్యలోంచి కిడ్నీల నుంచి వచ్చే మూత్రనాళాలు పోతుంటాయి. గర్భిణికి అక్కడి రక్తనాళాలు ఉబ్బి, ముట్టుకుంటే చిట్లేలా ఉంటాయి. ప్రసూన ఒక్కో నాళాన్ని దాని పొరలోంచి విడదీసి పక్కకు జరిపేది. తొందర లేదు, ఆగడం లేదు. ఒకచోట రక్తం ఉబికితే వేలితో ఒత్తి పట్టుకుని, నర్సు దారం ఎక్కించేదాకా కదలకుండా నిలబడింది. నేను ముప్పై ఏళ్లు కత్తి పట్టినదాన్నే. ఆ చేతులు చూస్తూ, ఈ విద్యలో ఇంత దూరం వెళ్లవచ్చన్నమాట అనుకున్నాను. అసూయ కలగలేదు. ఆ బల్లకు ఇవతల నిలబడే అవకాశం దొరికినందుకు సంతోషం కలిగింది.

గ్రంథుల్లో క్యాన్సర్ లేదని, కోసిన అంచులు శుభ్రంగా ఉన్నాయని రిపోర్టు వచ్చింది. రేడియేషన్ అవసరం పడలేదు. వాడిన మందుల్లో ఒకటి వినికిడిని దెబ్బతీయగలదు కాబట్టి పాపకు చెవుల పరీక్ష చేయించాం, బాగానే ఉన్నాయి. వయసుకు తగ్గ బరువు రావడానికి కొన్ని నెలలు పట్టింది. లక్ష్మీదేవమ్మ ఆ నెలలన్నీ మనవరాలిని ఒళ్లోంచి దించలేదని విన్నాను.

నాగవేణికి మొదట మూడు నెలలకొకసారి, తర్వాత ఆరు నెలలకొకసారి పరీక్ష. ఏ ఒక్కటీ తప్పలేదు. కొన్నాళ్లు డిపోలో కూర్చుని చేసే పని ఇచ్చారు. తర్వాత తనే అడిగి మళ్లీ బస్సెక్కింది. నేను పదవీ విరమణ చేసేనాటికి రోగం తిరిగి రాలేదు. తర్వాత కూడా రాలేదని హరిత చెప్పింది. తన బస్సులో ఎక్కే గర్భిణులను, ఎర్రగా కనపడితే లోపల చూడమని అడగండి, సిగ్గుపడాకండి అని నాగవేణి హెచ్చరిస్తుందట. అలా వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు హరిత ఓపీలో కనిపించారు. వాళ్లకు ఏమీ లేదు. లేదని తేలడమూ ముఖ్యమే.

ఈ కేసు గురించి కుర్ర డాక్టర్లు అడిగితే మందు పేర్లు, వారాల లెక్క చెబుతాను. అవి పుస్తకాల్లోనూ ఉన్నాయి, రేపు మారతాయి కూడా. నేను నేర్చుకున్నది వేరు. ఒక ప్రమాదకరమైన వైద్యం మొదలుపెట్టేముందే, ఏది జరిగితే దాన్ని ఆపేయాలో రోగితో కలిసి తేల్చుకోవాలి. భయం మొదలయ్యాక ఆ మాట ఎవరూ సరిగ్గా మాట్లాడలేరు, రోగీ, బంధువులూ, డాక్టరూ. ముందే తేల్చుకుని ఉంటే మధ్యలో ఎవరు ఎంత గట్టిగా లాగినా నిలబడటానికి ఒక చోటు ఉంటుంది. అందుకు రోగికి నిజం మొత్తం తెలియాలి, అందరికంటే ముందు తెలియాలి. ఆ తర్వాత నా ఉద్యోగంలో మిగిలిన ఏళ్లలో, పెద్ద ఆపరేషన్ ఏదైనా బంధువులను బయట కూర్చోబెట్టి ముందు రోగితోనే మాట్లాడాను. దానికి సమయం ఎక్కువ పడుతుంది. ఓపీ ఆలస్యమవుతుంది. అయినా అదే సరైన క్రమం.